వయసు ఎక్కువ వేయమంటే ఎవరూ నమ్మరేం? (నా అనుభవం)

నా దగ్గర వెయిట్‌లిఫ్టింగ్ నేర్చుకునే ఒక అమ్మాయి జనన సర్టిఫికెట్ నిన్న సాయంత్రం చేతికొచ్చింది. దాని కోసం ఆఫీసులో పడ్డ మాటలకి కోపం ఇంకా దిగలేదు. రేపటికి చల్లబడి మర్యాదగా రాస్తానేమోనని ఇవాళే కూర్చున్నాను.

మాది పర్లాకిమిడి. గిడుగు రామమూర్తి గారు బడిపంతులుగా చేసిన ఊరు. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మమ్మల్ని ఇటు కలిపారు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజార్లో రెండూ. పగలు నాకు హార్డ్‌వేర్ షాపు. పొద్దున, సాయంత్రం పిల్లలకి వెయిట్‌లిఫ్టింగ్ నేర్పుతాను. ఫీజు లేదు. వచ్చేవాళ్ళంతా మిల్లు కళాసీల పిల్లలు, కూలీల పిల్లలు. ఇళ్ళలో సరైన తిండి ఉండదు కాబట్టి గుడ్లు నేనే కొంటాను. ప్రోటీన్ డబ్బాలు, "గ్యారంటీ" మాత్రలు అమ్మేవాళ్ళని గేటు దగ్గరే ఆపేస్తాను. నా ఖర్చుతో, నా ఇష్టం.

పిల్లలకి నేను నీతులు చెప్పను. మా దగ్గర ఒక్కటే నియమం, నోటుబుక్కు. ఎత్తింది ఎంతో, ఎత్తలేకపోయింది ఎంతో ఎవరిది వాళ్ళే రాసుకోవాలి. మోచెయ్యి వంగి మళ్ళీ తోస్తే అది ఫెయిలే. ఎవరూ చూడలేదు కదా అని రాసేస్తే, వారం రోజులు ఖాళీ బారే ఎత్తాలి. ఆడపిల్లల బారు 15 కిలోలు, మగపిల్లలది 20. ఖాళీ బారుతో నిలబడటం ఎంత నామోషీయో పిల్లల్నే అడగండి. కరణం మల్లీశ్వరి గురించి కూడా పతకం కథ కన్నా ఎక్కువగా ఆ పోయిన లిఫ్టు కథే చెబుతాను. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్ (ఒకే ఊపులో తల మీదికెత్తడం) 110 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాల దాకా, తర్వాత తల మీదికి) 130, మొత్తం 240 ఎత్తి కంచు తెచ్చింది. చివరి ప్రయత్నంలో 137.5 పెట్టించింది. అది నిలబడితే బంగారమే. నిలబడలేదు. ఆమె ఊరు ఆమదాలవలస పక్కనే, అంటే మాకు ఎంతో దూరం కాదు. ఇటు బరంపురం నుంచి కాటులు రవికుమార్ 2010 ఢిల్లీ కామన్వెల్త్‌లో బంగారం గెలిచాడు. కాబట్టి మా పక్క పిల్లలకి బలం లేదని ఎవరూ అనలేరు. లేనివి కాగితాలే.

ఇక అసలు విషయం. నా దగ్గరికొచ్చే ఒక అమ్మాయిని క్రీడా హాస్టల్ ట్రయల్స్‌కి పంపాలనుకున్నాం. ఫారం నింపడం, ఫిట్‌నెస్ సర్టిఫికెట్, బ్యాంకు పుస్తకం, అన్నీ ఇట్టే అయిపోయాయి. వయసు దగ్గర పడింది బండ.

బడి రిజిస్టర్లో ఆ అమ్మాయి పుట్టింది 2012 జూన్. బడిలో వేసిన పంతులు గారి పుణ్యమా అని ఆ వీధి పిల్లల్లో సగం మంది జూన్‌లోనే పుట్టారు! ఆధార్‌లోనూ అదే ఎక్కింది. ఫారం నింపుతుంటే వాళ్ళ అమ్మమ్మ వచ్చి, "ఏటి బాబూ ఇది, జూన్ ఏటి? నాగుల చవితి మర్నాడు పుట్టింది గదా మా గుంట. దాని యెనకటేడు" అంది (గుంట అంటే మా వైపు ఆడపిల్ల). అంటే 2011. తేడా చూస్తే కొన్ని నెలలే. కానీ మా ఆటలో వయసు లెక్క పుట్టిన సంవత్సరాన్ని బట్టే. 2011 అయితే ఆ అమ్మాయి తనకన్నా పెద్ద పిల్లలతో పోటీ పడాలి.

తండ్రి మిల్లులో కళాసీ. "తక్కువ వయసుంటేనే మంచిది కదా మాస్టారూ, ఉన్నదాన్ని కెలకడం ఎందుకు?" అన్నాడు. ఆయన తప్పేం లేదు. కోచ్‌నని చెప్పుకు తిరిగే ఒక మహానుభావుడు ఇంకా రెండేళ్ళు తగ్గించి ఇప్పిస్తానని వాళ్ళింటికే వెళ్ళొచ్చాడు. ఇలాంటివాళ్ళ వల్లే 2010లో వయసు మోసాల మీద జాతీయ నియమావళి తేవాల్సి వచ్చింది, పిల్లల ఎడమ మణికట్టుకి ఎక్స్‌రే తీసి ఎముకల ఎదుగుదల కొలవాల్సి వస్తోంది. తిండి సరిగా లేని పిల్లల ఎముకలు ఆలస్యంగా ముదురుతాయి. ఎక్స్‌రేలో మా అమ్మాయి చిన్నదిగానే కనిపించొచ్చు, అంటే అబద్ధం దొరక్కపోవచ్చు కూడా. ఆ మాట దాచకుండా అమ్మాయికే చెప్పాను. "నోటుబుక్కులో ఏం రాయమంటారు మాస్టారూ?" అని అడిగింది. నేనేం చెప్పలేదు. తనే 2011 అని రాసుకుంది.

పుట్టింది అమ్మమ్మగారి ఊళ్ళో, శ్రీకాకుళం వైపు. ఎక్కడ పుడితే అక్కడే నమోదు. అక్కడి జనన రిజిస్టర్లో తేదీ ఉంది, తల్లిదండ్రుల పేర్లు ఉన్నాయి, ఆడ శిశువు అని ఉంది. పిల్ల పేరు గడి మాత్రం ఖాళీ. మన ఇళ్ళలో బారసాల అయ్యాక మళ్ళీ ఆఫీసుకి వెళ్ళి పేరు ఎక్కించేది ఎవరు? 1969 నాటి జనన మరణాల నమోదు చట్టంలో 14వ సెక్షన్ దీనికోసమే ఉంది. ఏడాది లోపయితే ఉచితం, తర్వాత 15 ఏళ్ళ వరకు ఆలస్య రుసుము కట్టి పేరు చేర్చుకోవచ్చు. మాకు గడువు ఉంది. పావుగంట పని అనుకుని వెళ్ళాం.

ఆ ఆఫీసు పేరు చెప్పను. అక్కడి గుమాస్తా ఆధార్ చూశాడు, రిజిస్టర్ చూశాడు. "ఇందులో 2012, అందులో 2011. ముందు ఆధార్ మార్చుకు రండి" అన్నాడు. ఆధార్ వాళ్ళు పేరున్న జనన ధ్రువపత్రం తెమ్మన్నారు. బడికి వెళ్తే అక్కడా అదే మాట. మళ్ళీ గుమాస్తా దగ్గరికే వచ్చాం. భోజనానికి వెళ్ళాడు, టీకి వెళ్ళాడు, సర్వర్ లేదన్నాడు. ఇవన్నీ మామూలే, ఎవరికైనా జరిగేవే. జరగకూడనిది ఆ తర్వాత జరిగింది.

వరసలో జనం అంతా వింటుండగా తల్లిని అడిగాడు, "దీనికి ముందు ఇంకో పిల్ల పుట్టి పోయిందా? ఆ పిల్ల సర్టిఫికెట్ దీనికి తగిలిస్తున్నారా?" ఆవిడ నోట మాట రాలేదు. చెంగు నోట్లో కుక్కుకుంది. నేను కలగజేసుకుంటే నావైపు తిరిగాడు. "మీరేమవుతారు?" కోచ్‌ని అన్నాను. "వయసు తగ్గించమని రోజూ వస్తారు. పెంచమని ఎవరొస్తారండీ? పెళ్ళి చేసెయ్యడానికా?" వెనకాల ఇద్దరు నవ్వారు.

నిజానికి అడగదగ్గ ప్రశ్నే. మా సరిహద్దు పల్లెల్లో చిన్నపిల్లల పెళ్ళిళ్ళు లేవని నేను గుండెల మీద చెయ్యేసుకుని చెప్పలేను. కానీ అడిగే పద్ధతి ఒకటుంటుంది. పద్నాలుగేళ్ళ పిల్ల ఎదురుగా, దాని తల్లి ఎదురుగా, పరాయి మగాణ్ణి చూపిస్తూనా? నా చెవులు కాలిపోయాయి. బల్ల మీద చెయ్యి గట్టిగా చరచడానికి లేపాను.

అమ్మాయి నా కన్నా ముందు మాట్లాడింది. గొంతు పెంచలేదు. "పెళ్ళికి కాదండీ. వెయిట్‌లిఫ్టింగ్‌కి" అని రెండు అరచేతులూ బల్ల మీద పెట్టింది. వేళ్ళ మొదట్లో వరసగా కాయలు, బొటనవేలి పక్కన చర్మం చీలి ఎండిన గీత, గోళ్ళ సందుల్లో సుద్దపొడి. "స్నాచ్ 38, క్లీన్ అండ్ జెర్క్ 48 అండీ. 50 రాలేదు" అంది. రానిది కూడా చెప్పింది! ఆ గుమాస్తాకి అర్థం కాకపోయినా నాకు అర్థమైంది. మా ఆటలో బరువు తల మీదికెత్తాక రిఫరీ దించమని సిగ్నల్ ఇచ్చేదాకా వదలకూడదు, చేతులు వణుకుతున్నా సరే. ఆ అమ్మాయి అక్కడ అలాగే నిలబడింది. అన్నేళ్ళు నేర్పిన నేనే బల్ల మీద చరచబోయాను, అది వేరే సంగతి.

గుమాస్తా మెత్తబడ్డాడని అనుకోకండి. "రుజువు తెండి" అన్నాడు, అంతే. ఆ రుజువు అమ్మమ్మ బియ్యం డ్రమ్ము వెనకాల ట్రంకు పెట్టెలో దొరికింది. టీకాల కార్డు. ఒక మూల ఎలుక కొరికింది, మధ్యలో పసుపు మరక. కానీ తల్లి పేరు, ప్రసవం తేదీ, మొదటి టీకా తేదీ నీలం సిరాతో స్పష్టంగా ఉన్నాయి. రిజిస్టర్లో తేదీతో సరిపోయింది. తల్లిదండ్రుల నోటరీ అఫిడవిట్ జతచేసి, గుమాస్తాని దాటుకుని పైఅధికారి దగ్గరికి వెళ్ళాం. ఆయన సెక్షన్ చదివి, కార్డు చూసి, రుసుము రసీదు రాయించారు. మాటకి ముందు "కూర్చోండమ్మా" అన్నారు. ఆ ఒక్క మాటకే తల్లి ఏడ్చేసింది.

మీకూ ఈ పని పడితే టీకాల కార్డు ముందే వెతికించండి. మాకు అక్కరకొచ్చింది నర్సమ్మ రాతే, బడి రిజిస్టర్ కాదు. తండ్రి కన్నా అమ్మమ్మని వెంట తీసుకెళ్ళండి, ఆవిడని ఏ గుమాస్తా బెదిరించలేడు. ఆంధ్రలో ఇంటిపేరు ముందు రాస్తారు, ఒడిశాలో వెనక రాస్తారు. అఫిడవిట్లో రెండు రకాలూ రాయించండి, లేకపోతే దానికి ఇంకో తిరుగుడు. ఆధార్‌లో పుట్టిన తేదీ ఒక్కసారే మార్చనిస్తారు, ముందు సర్టిఫికెట్లో ప్రతి అక్షరం చూసుకున్నాకే వెళ్ళండి. వంద నోటు మడిచి ఇస్తే పని త్వరగా అవుతుందని మీకు చాలామంది చెబుతారు. పిల్లలు పక్కనుండగా ఆ పని చేస్తే రేపు వాళ్ళకి నోటుబుక్కు ఏ మొహంతో ఇస్తారు?

నిన్న సర్టిఫికెట్ చూసి అమ్మాయి సంతోషిస్తుందనుకున్నాను. మొహం చిట్లించింది. "పెద్ద గుంటలతో ఎత్తాలి కదా మాస్టారూ. స్క్వాట్ బరువు ఇప్పుడే పెంచెయ్యండి, జెర్క్ 50 రావాలి" అంది. ట్రయల్స్ వచ్చే నెల. సోమవారం బడికి వెళ్ళి రిజిస్టర్ దిద్దించాలి, తర్వాత ఆధార్ కేంద్రం. షాపు మధ్యాహ్నం నుంచే తీస్తాను. మేకులు, తాళాలు కావలసినవాళ్ళు అది గమనించగలరు.