మత్తు దిగిందో లేదో కళ్ళు చెబుతాయి

నిన్న నాన్నగారికి మిడజోలంతో మత్తు ఇచ్చి కొలనోస్కోపీ (పెద్దపేగు లోపల కెమెరాతో చూసే పరీక్ష) చేశారు. రికవరీ గదిలో ఆయన లేచి కూర్చుని, తేదీ తప్పు లేకుండా చెప్పి, కాఫీ కూడా అడిగారు. మత్తు నుండి ఎంత తేరుకున్నారో అంచనా వేసే ఆల్డ్రెట్ స్కోరు పదికి 9 అని నర్సుగారు రాసుకున్నారు. అయితే డాక్టరుగారు చెప్పిన జాగ్రత్తలన్నింటికీ తలాడించిన నాన్నగారికి సాయంత్రానికి వాటిలో ఒక్కటీ గుర్తు లేదు.

1970లో వచ్చిన ఆ స్కోరు కాళ్ళూచేతుల కదలిక, శ్వాస, రక్తపోటు, స్పృహ, ఒంటి రంగు (ఇప్పుడు రంగుకు బదులు ఆక్సిజన్ శాతం) చూస్తుంది గాని, జ్ఞాపకశక్తి ఎంత తేరుకుందో చూడదు. కంటి కదలికలను కెమెరాతో కొలిచే ఐ ట్రాకింగ్ నన్ను ఆకర్షించింది ఇందుకే. చూపు ఒక చుక్క నుండి మరో చుక్కకు దూకేటప్పుడు కనుగుడ్డు సెకనుకు వందల డిగ్రీల వేగాన్ని అందుకోగలదు. మిడజోలం వంటి మందులు ఆ వేగాన్ని తగ్గిస్తాయి, దానిని మనం పట్టుదలతో పెంచుకోవడం దాదాపు అసాధ్యం. అంటే, మత్తు ఇంకా ఉందో లేదో తేల్చడానికి "నాకేమైంది, బాగానే ఉన్నాను" అని దబాయించే మా నాన్నగారి వంటి వారి మాటతో పని లేదు. వయసు, నిద్రలేమి కూడా ఆ వేగాన్ని తగ్గిస్తాయి కనుక, మత్తుకు ముందే ఎవరి కొలత వారికి తీసుకుని, తరువాతి కొలతను దానితో పోల్చాలి.

రాత్రి ఏడింటికి ఆయన స్కూటరు తాళాలు వెతుకుతూ కనిపించారు. తాళాలు నా దగ్గరే దాచి ఉంచాను.