పదహారేళ్ల లారీకి ఎఫ్‌సీ: నా అనుభవం

నా ఆరు టైర్ల టాటా 1613 లారీ 2008 నాటిది. ఏపీ 24 నంబరుతో నల్లగొండలోనే రిజిస్ట్రేషన్ అయిన ఈ బండి మిర్యాలగూడ రైసుమిల్లుల నుంచి తవుడు తోలుతుంది. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఏటా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ (ఎఫ్‌సీ) చేయించవలసిందే. అయితే 2022 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు నిండిన భారీ వాహనాలకు ఆ సర్టిఫికెట్ రుసుమును రూ.12,500 చేశారు, గడువు దాటితే రోజుకు రూ.50 అదనం. 2024లో ఆ సొమ్ము కట్టవలసి వచ్చినప్పుడు, ఇంత కట్టి బండి ఫెయిల్ కాకూడదని నెల ముందే పనులు మొదలుపెట్టాను.

ఇన్సూరెన్సు, పర్మిట్టు, క్వార్టర్ ట్యాక్సు, గ్రీన్ ట్యాక్సు కాగితాలు సరిచూసుకోవడానికి ఒక పూట సరిపోయింది. పొగ విషయంలో మాత్రం కొంత తిరగవలసి వచ్చింది. నా బండి కాలపు డీజిల్ వాహనాలకు పొగ 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు (పొగ నలుపును కొలిచే లెక్క) దాటకూడదు. యాక్సిలరేటర్ తొక్కగానే నల్లగా కొడుతున్న బండికి ఆ లెక్క అందదని, ఎయిర్ ఫిల్టర్ మార్చి, డీజిల్ చిమ్మే నాజిళ్లను డీజిల్ పంపులు బాగుచేసే షాపులో విప్పి చూపించాను. ఇంజన్ 697 రకం, అంటే ఆరు సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు (సిలిండరు లోపలి వ్యాసం). ఎలక్ట్రానిక్ పెట్టెలేవీ లేని ఇలాంటి ఇంజనును మన ఊరి మేస్త్రులే చక్కబెట్టగలరు, నేను ఈ పాత బండిని వదలకపోవడానికి సగం కారణం అదే.

నాలుగు చక్రాలకూ కొత్త బ్రేక్ లైనింగులు వేయించి, రిఫ్లెక్టర్ టేపులు అంటించి రవాణా శాఖ తనిఖీకి ఇచ్చిన స్లాటు రోజున బండి తీసుకుపోయాను. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ కొంత వేగంతో పోనిచ్చి బ్రేకు తొక్కించారు. బండి ఎడమ వైపుకు లాగింది. లైట్లు, హారను, వైపర్లు అన్నీ సరిగా ఉన్నా, బ్రేకు సరిచేసుకొని రమ్మన్నారు.

ఎడమ వైపుకు లాగితే దోషం ఎడమ చక్రంలోనే ఉంటుందని నేను అనుకున్నాను. ముప్పై ఏళ్లుగా లారీ బ్రేకులే చూస్తున్న మేస్త్రి దగ్గరకు పోయి అదే చెబితే ఆయన నవ్వాడు. "లాగేది ఎడమదే గని, పట్టనిది కుడిదన్నా. పట్టే దాన్ని పట్టుకొని ఏం లాభం?" అన్నాడు. ముందరి కుడి చక్రం జాకీ మీద లేపి, డ్రమ్ము ఊడదీశాడు. బ్రేకు షూలను డ్రమ్ము మీదికి తోసే ఎస్ క్యామ్ షాఫ్టును రెండు వేళ్లతో పైకి కిందికి ఆడించి చూపించాడు. అది టకటకమని కదిలింది. బుష్షు అరిగిపోవడంతో క్యామ్ వంకరగా తిరుగుతున్నది, బ్రేకు షూలు డ్రమ్మును పూర్తిగా అందుకోవడం లేదు. పైగా హబ్బు సీలు కారి, నెల కూడా కాని లైనింగు అంచు గ్రీజుతో నల్లబడి ఉంది. నేను కొత్త లైనింగు వేయించిన రోజున ఎవరూ ఈ షాఫ్టును ముట్టుకొని చూడలేదు, నేనూ అడగలేదు.

బుష్షులు, సీలు, ఆ ఒక్క చక్రపు లైనింగు మార్చి, రెండు వైపులా బ్రేకు బిగువు సరిచేసే స్లాక్ అడ్జస్టర్లను సమంగా తిప్పాడు. తర్వాత బ్రేకులకు గాలి అందించే ఎయిర్ ట్యాంకు నిండేదాకా ఇంజను నడిపి, ఆపేసి, పైపుల జాయింట్ల మీద సబ్బు నీళ్లు పోశాడు; వెనుక బ్రేక్ ఛాంబరు దగ్గర సన్నగా బుడగలు లేచాయి. ఆ నట్టు బిగించగానే గాలి ఒత్తిడి చూపే గడియారంలో ముల్లు పడిపోకుండా నిలిచింది.

మళ్లీ స్లాటు తీసుకొని పోతే బండి తిన్నగా ఆగింది, ఎఫ్‌సీ ఏడాదికి వచ్చింది. ముందు చక్రాలు పక్కలకు తిరిగే కింగ్ పిన్ బుష్షుల్లోనూ కొంచెం ఆట ఉందని మేస్త్రి చెప్పాడు. లోడు లేని వారం చూసి ఆ పని పెట్టుకోవాలి.