పటిక చెప్పేసింది

పటిక ముక్క తడిపి గడ్డం మీద రాస్తుంటే దవడ కింద ఒక్కచోట చుర్రుమంది. మిగతా ముఖమంతా హాయిగానే ఉంది. అంటే బ్లేడు అక్కడ చర్మాన్ని ఎక్కువ గీకిందన్నమాట. అద్దంలో కనిపించని సంగతి పటిక చెప్పేస్తుంది!

రేజరు వెంట్రుకలతో పాటు చర్మం పైపొరను కూడా కొంచెం గీకేస్తుంది. అక్కడ ఆల్కహాల్ ఉన్న ఆఫ్టర్‌షేవ్ పడితే అంత మంట ఎందుకో తెలుసా? వేడిని పసిగట్టే నరాల్లోని గ్రాహకాలు మామూలుగా 42 డిగ్రీల దగ్గర స్పందిస్తాయి. ఆల్కహాల్ తగిలితే ఆ హద్దు సుమారు 34కి దిగిపోతుంది. ఇక మన ఒంటి వేడే మనకు నిప్పులా అనిపిస్తుంది. (ఆ మంటలోనే మగతనం ఉందన్నట్టు చెంపలు చరుచుకునేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది.)

నేనైతే పటికను కాసేపుంచి చల్లటి నీళ్లతో కడిగేస్తాను. లేకపోతే ముఖం బిగుసుకుపోతుంది. టవల్‌తో రుద్దకుండా అద్ది, కాస్త తడి ఉండగానే సువాసనలు కలపని మాయిశ్చరైజర్ రాస్తాను. అంతే.

రేపు మాత్రం షేవింగ్‌కి సెలవు. ఎవరైనా అడిగితే గడ్డం పెంచుతున్నానని చెప్పేస్తా.