మందులకైతే ఆఖరి తేదీ ఉంది

2025లో నాకు టీబీ వచ్చింది, ఉద్యోగం పోయింది. ఈ రెండూ విన్నవాళ్ళు జబ్బు వల్లే ఉద్యోగం పోయిందనుకుంటారు. కాదు. క్లయింటు మా ప్రాజెక్టును వేరే దేశానికి తరలించుకున్నాడు, దాంతో టీమ్ మొత్తం బయటికొచ్చింది. నా మెడలో గడ్డ ఉన్న సంగతి హెచ్‌ఆర్‌కి తెలియను కూడా తెలియదు.

సంక్రాంతికి ఊరెళ్తే మా బావ పొట్ట తట్టి మరీ అడిగాడు, "మంచిగ తగ్గినవ్ రా, జిమ్ముకు పోతున్నవా?" అని. సాయంత్రమైతే ఒళ్ళు వెచ్చబడేది, తెల్లవారుజామున బనియను తడిసిపోయేది. మాదాపూర్‌లో ఏళ్ళ తరబడి నైట్ షిఫ్ట్ చేసేవాడికి ఇలాంటివన్నీ షిఫ్ట్ ఖాతాలోనే పడతాయి. మెడ ఎడమవైపు ఉబ్బును ముందు చూసింది మా ఆవిడ. నొప్పి లేదు కదా అంటే, "నొప్పి లేకపోతేనే చూపించుకోవాలండీ" అంది. ఆమె స్కూల్లో బయాలజీ చెబుతుంది, వాదించి లాభం లేదు.

మొదటి డాక్టరు యాంటీబయాటిక్స్ రాశారు. కోర్సు అయిపోయినా గడ్డ తగ్గలేదు సరికదా, పక్కన ఇంకోటి తేలింది. అప్పుడు ఎఫ్‌ఎన్‌ఏసీ చేయించమన్నారు. గడ్డలోకి సన్న సూది గుచ్చి కొన్ని కణాలు లాగి పరీక్షకు పంపుతారు. సూది నొప్పి పెద్దదేం కాదు. "లింఫోమా కాదని తేల్చుకోవాలి" అని, అంటే లింఫ్ గ్రంథుల క్యాన్సర్ కాదని, డాక్టరు మామూలుగా అన్న మాట మాత్రం రిపోర్టు వచ్చేదాకా నిద్రపోనివ్వలేదు. టర్మ్ పాలసీ కాగితాలు వెతికి బీరువాలో పై అరలో పెట్టాను. రిపోర్టులో గ్రాన్యులోమా అని రాసి ఉంది, టీబీలో తరచూ కనిపించే కణాల ముద్ద అది. సీబీనాట్ పరీక్షలో టీబీ క్రిమి దొరికింది, టీబీకి ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు లొంగే రకమేనని కూడా అందులోనే తేలింది. టీబీ అని విని హమ్మయ్య అనుకునేవాళ్ళు ఎంతమంది ఉంటారో గానీ, నేనైతే అనుకున్నాను.

అమ్మ అనుకోలేదు. సూర్యాపేట నుంచి బస్సెక్కి వచ్చి, "మనింట్ల ఎవ్వరికి లేని రోగం నీకెట్లొచ్చె బిడ్డా" అని ఏడ్చింది. నా కంచం, గ్లాసు వేరు చేసింది. ఛాతీ ఎక్స్‌రే బాగుందని, మెడ గ్రంథులకు వచ్చే టీబీ దగ్గితే తుమ్మితే ఇంకొకరికి అంటుకోదని డాక్టరుతో ఫోన్లో చెప్పించినా తలూపిందే గానీ గ్లాసు మాత్రం కలపలేదు. అపార్ట్‌మెంట్‌లో అడిగినవాళ్ళకు థైరాయిడ్ అని చెప్పింది. కింది ఫ్లాట్ ఆంటీ అది నమ్మి, కనిపించినప్పుడల్లా నన్ను క్యాబేజీ మానేయమనేది.

మేముండేది మూసాపేట. ఛాతీ ఆసుపత్రి ఉన్న ఎర్రగడ్డ మాకు పక్కనే. కానీ హైదరాబాద్‌లో "ఎర్రగడ్డకు వెళ్ళొస్తా" అంటే అవతలివాడు ముందు నవ్వుతాడు, పిచ్చాసుపత్రి కూడా అక్కడే ఉంది కాబట్టి. ఆ జోకులు నేనూ వేసినవాడినే. చివరికి అంతదూరం కూడా పోనక్కర్లేకపోయింది. టీబీ కేసును ప్రైవేటు డాక్టరైనా ప్రభుత్వానికి తెలియజేయాలి, 2012 నుంచి అదే నియమం. మా డాక్టరు నా వివరాలు నిక్షయ్ అనే ప్రభుత్వ టీబీ పోర్టల్‌లో ఎక్కించారు. మందులు బస్తీలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా దొరికాయి. పోషణకు నెలకు 1000 రూపాయలు బ్యాంకులో వేస్తారంటే, జీతం వచ్చే రోజులవి, వద్దనబోయాను. "రాయించుకోండి సార్, గుడ్లకైనా వస్తయి" అంది అక్కడి మేడమ్. కొన్ని నెలలకు ఆ డబ్బుతో నిజంగానే రైతు బజార్‌లో గుడ్లు కొన్నాను.

చికిత్స మొత్తం ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, ఐసోనియజిడ్, రిఫాంపిసిన్, పైరాజినమైడ్, ఇథాంబ్యుటాల్. తర్వాత నాలుగు నెలలు పైరాజినమైడ్ తీసేసి మిగతా మూడు. అన్నీ కలిపిన మాత్రలే, బరువును బట్టి ఎన్నో చెబుతారు. పొద్దున పరగడుపున వేసుకోవాలి. మూత్రం నారింజ రంగులో వస్తుందని ముందే చెప్పారు, రిఫాంపిసిన్ వల్ల. చెప్పి ఉండకపోతే మొదటి రోజే ఎమర్జెన్సీకి పరిగెత్తేవాణ్ణి. వేసుకున్న రెండు మూడు గంటలు కడుపులో తిప్పేది, ఇడ్లీ వాసన పడేది కాదు. పైరాజినమైడ్ ఉన్నన్నాళ్ళూ మోకాళ్ళు పట్టేశాయి, అది యూరిక్ యాసిడ్ పెంచుతుందట. అరికాళ్ళు తిమ్మిరెక్కకుండా బి6 విటమిన్ ఇచ్చారు. ఇథాంబ్యుటాల్ చూపు మీద పనిచేయొచ్చు, ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియకపోతే వెంటనే రమ్మన్నారు. అప్పటినుంచి మూసాపేట చౌరస్తాలో సిగ్నల్ పడ్డప్పుడల్లా కళ్ళు చికిలించి చూసుకునేవాణ్ణి. లివర్ పరీక్ష ఒకసారి కాస్త పెరిగి మళ్ళీ దిగింది. మద్యం ముట్టకూడదు. నాకది కష్టం కాలేదు, వీకెండ్ పిలిచేవాళ్ళకే కష్టమైంది.

ఉద్యోగం పోయింది ఈ మధ్యలోనే. హెచ్‌ఆర్ మీటింగ్ పావుగంటలో అయిపోయింది. లాప్‌టాప్ అప్పగించాక గుర్తొచ్చింది, ఆఫీసు గ్రూప్ ఇన్సూరెన్స్ కూడా ఆఖరి పనిదినంతోనే ఆగిపోతుందని. ఈ వయసులో, ఈ జబ్బుతో కొత్త పాలసీ ఎవడిస్తాడు? అదే ఇన్సూరెన్స్ కంపెనీలో గ్రూప్ పాలసీ నుంచి సొంత పాలసీకి మారొచ్చని మాతో పనిచేసిన ఒకమ్మాయి చెప్పింది. ముందునుంచీ ఉన్న జబ్బులకు క్లెయిమ్ ఇవ్వని వెయిటింగ్ కాలం 2024 నుంచి గరిష్ఠంగా 36 నెలలేనట, అంతకుముందు 48. గ్రూప్‌లో గడిపిన కాలం కలుస్తుందో లేదో అడిగి, రాతలో తీసుకుని, ప్రీమియం కట్టాను. ఉద్యోగాలు ఊడుతున్న ఈ రోజుల్లో ఈ సంగతి మొదటి రోజే తెలియాలి, కానీ చెప్పేవాళ్ళు తక్కువ.

మూడో నెలలో గడ్డలు మళ్ళీ ఉబ్బాయి. మందు పని చేయట్లేదనుకున్నాం ఇంట్లో అందరం. అమ్మ అయితే ఊళ్ళో ఎవరో పసరు పోస్తారని ఫోన్లు మొదలుపెట్టింది. డాక్టరు తాపీగా చూసి, చచ్చిన క్రిముల మీద ఒంటి రక్షణ వ్యవస్థ విరుచుకుపడితే కొందరికి ఇలా అవుతుందని, మాత్ర ఒక్క పూట కూడా మానొద్దని చెప్పారు. మానలేదు. కొన్ని వారాలకు దిగిపోయాయి.

మందులకైతే ఆగస్టులో ఫలానా రోజు ఆఖరని కార్డు మీద రాసి ఉంది. ఇంటర్వ్యూలకు అలాంటి కార్డు ఎవరూ ఇవ్వరు. "ఈ గ్యాప్ ఏంటి?" అంటారు, చెబితే గొంతు మారుతుంది, "మళ్ళీ చెబుతాం" అంటారు. నిజాంపేటలో కొన్న ఫ్లాట్ ఈఎంఐ మాత్రం ఐదో తారీకు ఠంచనుగా వచ్చేది. మా ఆవిడ సాయంత్రం ట్యూషన్లు మొదలుపెట్టింది. నేను బియ్యం కడిగి స్టవ్ మీద పెట్టడం అప్పుడు నేర్చుకున్నాను.

చివరికి దొరికింది బాలానగర్‌లో, మిషన్ పార్టులు చేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో. స్టోర్, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చూడాలి. జీతం పాతదానిలో సగం లేదు. పగటి షిఫ్ట్. ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ మూతపడినా ఆ పేరుతో బస్టాపు ఉంది, హైదరాబాద్ మందుల పరిశ్రమకు పునాది వేసినవాళ్ళలో చాలామంది అక్కడ పనిచేసినవాళ్ళేనని రోజూ ఆ దారిన పోతూ గుర్తు చేసుకుంటాను. ఓనర్‌కు టీబీ సంగతి ముందే చెప్పేశాను. "మా నాయనకు కూడా వచ్చిందండీ, అప్పట్లో ఏడాది పైన స్ట్రెప్టోమైసిన్ సూదులు, మాత్రలు. మీది ఆరు నెలలేగా" అని, వెంటనే జీఎస్టీ రిటర్న్ సంగతి ఎత్తాడు.

కోర్సు పూర్తయ్యాక మెడలో చిన్న గట్టి బుడిపె మిగిలింది. నయమైనా కొందరికి అలా ఉండిపోతుందట, పెరగకపోతే చాలన్నారు. రెండేళ్ళ దాకా ఆరు నెలలకోసారి చూపించుకోవాలి. మొదటిసారికి వెళ్ళొచ్చాను, బరువు పెరిగింది, బెల్టు పాత రంధ్రంలోకి వచ్చింది. అమ్మ గ్లాసు కలిపేసింది, ఎప్పుడో తెలియదు.

పోయిన వారం గచ్చిబౌలి నుంచి ఒక రిక్రూటర్ ఫోన్ చేశాడు. పాత జీతం వస్తుంది, కానీ నైట్ షిఫ్ట్. పగటి షిఫ్ట్ ఉంటే చెప్పమన్నాను. ఇంకా ఫోన్ రాలేదు. ఈఎంఐ ఇంకా పదకొండేళ్ళుంది, వస్తే ఏమంటానో ఇప్పుడే చెప్పలేను.