మరి నా పిల్లలకి మేనమామ?

“బాబాయ్, మరి నా పిల్లలకి మేనమామ ఎవరు?” అంది మా అన్నయ్య కూతురు, వంశవృక్షం గీస్తూ గీస్తూ ఆగిపోయి.

పై వరుసలో తాతయ్య తోబుట్టువుల పేర్లు కాగితం అంచు దాకా పోయాయి, చివరివి ఇరికించి రాసింది. కింది వరుసలో తన పేరొక్కటే.

1960ల్లో ప్రపంచంలో ఒక్కో స్త్రీకి సగటున ఐదుగురు పిల్లలు. ఇప్పుడు రెండుకు కాస్త పైన. ఎన్నోసార్లు చదివిన లెక్కే, ఆ కాగితం మీద చూస్తే మాత్రం గుండె కలుక్కుమంది.

చిన్న కుటుంబం తప్పని అనను. వరుస కాన్పులతో నలిగిపోయిన ఆడవాళ్లకి చదువుకునే, ఊపిరి తీసుకునే వీలు దొరికింది. అది చాలా పెద్ద విషయం.

కానీ రేపు అమ్మానాన్నలిద్దరూ ఒకేసారి మంచాన పడితే ఆ టెన్షనంతా దాని ఒక్కదానిదేనా? పెద్దవాళ్ల సంరక్షణని ఇంటి పిల్లలకే వదిలేసే పద్ధతి ఇప్పుడే మారాలి.