చేవ ఉన్న కర్ర కోసం

హైదరాబాద్‌లోని మా ఇంట్లో రెండున్నర అడుగుల చేపల తొట్టె ఉంది. సుమారు 100 లీటర్ల నీళ్లు పడతాయి. 2022 చివర్లో అందులోని ప్లాస్టిక్ కోటలు, రంగురాళ్లు తీసేసి అసలైన కర్ర పెట్టాలనుకున్నాను. ముందు ఆ తొందరలో చేసిన తప్పు చెప్పాలి.

మా అపార్టుమెంటు ఆవరణలో జామచెట్టు కొమ్మలు నరికితే, ఒక వంకర కొమ్మ నచ్చి ఇంటికి తెచ్చుకున్నాను. బెరడు గీకి, వేడినీళ్లతో కడిగి, మర్నాడే తొట్టెలో పెట్టాను. మూడో రోజుకు నీళ్లు పాలు కలిపినట్టు తెల్లబడ్డాయి. నాలుగో రోజు తెల్లవారుజామున చూస్తే టెట్రా అనే చిన్న చేపలన్నీ నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. పచ్చికర్రలోని రసం, అందులోని చక్కెరలు నీళ్లలోకి దిగితే, వాటిని తింటూ బాక్టీరియా విపరీతంగా పెరిగి ప్రాణవాయువును లాగేసుకుంటుంది. కొమ్మ తీసేశాను, సగం నీళ్లు మార్చాను, రెండో ఎయిర్ పంపు పెట్టాను. అయినా ఆరు చేపలు పోయాయి. ఆ రోజు నుంచి ఏ కర్రను చూసినా నా మనసులోకి ముందు వచ్చే ప్రశ్న ఒకటే: ఇది చెట్టు నుంచి విడిపోయి ఎన్నాళ్లయింది?

2023 సంక్రాంతికి కొవ్వూరు వెళ్లాను. అంతకుముందు జూలైలో భద్రాచలం దగ్గర 70 అడుగులు దాటిన గోదావరి వరద ఎక్కడెక్కడి దుంగలనో మా రేవు పక్కకు తెచ్చి వదిలింది. నీళ్లు నునుపు చేసిన వేర్లు ఎంత అందంగా ఉన్నాయో చెప్పలేను. ఒకటి చేతిలోకి తీసుకుని చాలాసేపు నిలబడ్డాను. కానీ అది ఏ చెట్టుదో తెలియదు, దారిలో ఏ మురుగులో నానిందో తెలియదు. అక్కడే పెట్టేసి వచ్చాను. గన్నేరు విషం, జిల్లేడు, పనస పాలు కారేవి, వేపకు పురుగులను చంపే గుణం ఉంది. వీటిలో ఏదైనా కావచ్చు కదా. కోరింగ మడ చెట్ల వేర్లు కూడా కొందరికి ముచ్చటగా అనిపిస్తాయి. అవి అభయారణ్యంలోవి, తుఫాను కెరటాలకు అడ్డు నిలిచేవి. వాటి జోలికి ఎవరూ వెళ్లకూడదు.

నా వెతుకులాట చూసి పెద్దనాన్న పశువుల పాక వెనక్కి తీసుకెళ్లారు. రెండేళ్ల కిందట ఈదురుగాలికి కూలిన పెరటి జామచెట్టు మోడు అక్కడ ఎండుతూ పడి ఉంది. పురుగుమందు ఎప్పుడైనా కొట్టారా అని అడిగాను. "పెరటి చెట్టుకు మందెందుకమ్మా" అన్నారు. తర్వాత కొడవలి మొనతో ఒక్కో చోట గుచ్చి చూపించారు. కొన్ని చోట్ల మొన మెత్తగా దిగిపోయింది. "ఇదంతా పిప్పి, తీసెయ్. చేవ లేని కర్ర నీళ్లకు ఆగదు." పిప్పినంతా ఉలితో చెక్కేశాక, లోపల గోధుమ రంగు చేవ బయటపడింది. పచ్చి వాసన లేదు, గోరు దిగలేదు. రెండు కొమ్మలు చీలినచోట అడుగున్నర ముక్క కోయించుకున్నాను.

ఉడకబెట్టడం అక్కడే, పెళ్లిళ్లకు వాడే గుండిగలో, మూడు రాళ్ల మీద. గంట చొప్పున మూడుసార్లు నీళ్లు మార్చి మరిగించాము. మొదటి నీళ్లు కాఫీ డికాక్షన్‌లా దిగాయి, మూడోసారికి పలుచని టీ రంగు. ఒక రంధ్రంలోంచి నల్లని పురుగులు తేలాయి. ఉడకబెట్టేది అందుకే. ఇంట్లో చేసేవారు మాత్రం ప్రెషర్ కుక్కర్ మూత బిగించి ఉడికించవద్దు. చెక్క తునకలు ఆవిరి దారికి అడ్డుపడితే ప్రమాదం.

హైదరాబాద్ తిరిగొచ్చాక ప్లాస్టిక్ డ్రమ్ములో నానబెట్టి, పైన బరువు పెట్టి, రెండు రోజులకోసారి నీళ్లు మార్చాను. ఈ దశలోనే ఓపిక పోయేది. 23వ రోజున బరువు తీస్తే చాలావరకు మునిగే ఉంది, ఒక కొస మాత్రం లేస్తోంది. దాన్ని కడప రాతి పలకకు కట్టాలనుకుని, ముందు ఆ పలక మీద వెనిగర్ చుక్కలు వేశాను. సన్నగా నురగ వచ్చింది. కడప రాయి సున్నపురాయి, నీటి కాఠిన్యం పెంచుతుంది. మా బోరు నీళ్లు అసలే కఠినం. గ్రానైటు ముక్క తెచ్చి నైలాన్ దారంతో కట్టాను.

తొట్టెలో పెట్టిన ఐదో రోజు కర్రంతా తెల్లని జిగురు పొర కమ్మేసింది. పాత ఘటన గుర్తొచ్చి గుండె దడదడలాడింది. ఈసారి నీళ్లు తేటగానే ఉన్నాయి, చేపలు హాయిగా తిరుగుతున్నాయి. కొత్త కర్ర మీద పెరిగే ఆ పొర హాని చెయ్యదు. నత్తలు ఇష్టంగా తిన్నాయి, మిగిలినది నేను పాత టూత్‌బ్రష్‌తో రుద్ది గొట్టంతో లాగేశాను. మూడు వారాల్లో పూర్తిగా పోయింది.

కర్రలోంచి దిగే టానిన్ అనే పదార్థం వల్ల నీళ్లకు వచ్చిన లేత టీ రంగును మాత్రం ఉంచేశాను. రంగును పీల్చే బొగ్గు, యాక్టివేటెడ్ కార్బన్ వేస్తే పోతుంది, నాకు పోగొట్టాలని లేదు. కార్డినల్ టెట్రాల సొంత ఊరు అమెజాన్ ఉపనది రియో నీగ్రో, అక్కడి నీళ్లు ఇంతకంటే నల్లన. కఠినమైన మా నీళ్లలో పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) పెద్దగా దిగలేదు, 7.8 నుంచి 7.6 అయింది. కానీ ఆ రంగులో టెట్రాల ఎర్రగీత ఇంతకుముందు నేను చూడనంత ముదురుగా కనిపిస్తోంది. చీలిక దగ్గర అనుబియాస్ మొక్కను దారంతో కట్టాను, నెల తిరగకుండా వేర్లు కర్రను పట్టుకున్నాయి.

మోడులో మరో ముక్క పెద్దనాన్న పాక వెనకే ఉంది. దానికి కాస్త పచ్చిదనం మిగిలిందనిపించి, ఇంకో వేసవి ఎండనివ్వమని చెప్పి వచ్చాను.