కొత్త కోడిని వెంటనే కలపొద్దు

పులివెందుల దగ్గర మా పల్లెలో సంత నుంచి కోడిని తెస్తే ఆ సాయంత్రమే మిగతావాటితో కలిపి గంప కింద మూసేస్తారు. అది చూస్తేనే నాకు టెన్షన్. నేనైతే కొత్త పెట్టను మూడు వారాలు దొడ్డికి అవతల, దాని గాలి పాతవాటి మీదికి రాని చోట వేరుగా ఉంచుతా. దాని నీళ్ల గిన్నె కూడా వేరే. ముందు పాతవాటికి మేత, ఆఖరున దానికి. తర్వాత చేతులూ చెప్పులూ కడుక్కుంటా.

రాత్రి కోళ్లన్నీ సద్దుమణిగాక గూటి దగ్గర కూర్చుని చెవిపెట్టి వింటా. బాగున్న కోడి ఊపిరి వినపడదు. గురగుర వినిపించినా, ముక్కు రంధ్రాల చుట్టూ తడికి మేత పొడి అంటుకుని ఉన్నా, కంటి మూలలో నురగ కనిపించినా అప్పుడే వేరు చేస్తా. సీఆర్‌డీ, కొరైజా అనే ఊపిరి జబ్బులు తగ్గినట్టే ఉంటాయి గానీ, కోలుకున్న కోడి నుంచి కూడా మిగతావాటికి అంటుకోవచ్చు. "మందేస్తే తగ్గిందిలే అక్కా" అంటే నేను ఒప్పుకోను.

కొక్కెర రోగం, అదే రాణిఖేత్ అనే వైరస్ జబ్బుకైతే మందే లేదు, టీకా ఒక్కటే దారి. కోడిపిల్లలకు మొదటి వారంలో లసోటా టీకా కంట్లో ఒక చుక్క, రెండు నెలలప్పుడు ఆర్‌టూబీ టీకా సూది. కలిపిన టీకాను ఐసులో పెట్టి రెండు గంటల్లోపు వాడేయాలి. ఒక సీసా చాలా కోళ్లకు సరిపోతుంది, అందుకే చుట్టుపక్కల ఇళ్లవాళ్లం ఒకే పొద్దున కోడిపిల్లల్ని ఒకచోట చేర్చి వేయించుకుంటాం.